బస్సులో ఛాతీ బొమ్మ

ఆగిపోయిన గుండెను చేతులతో ఒత్తి తిరిగి కొట్టుకునేలా చేయడం మీద పరిశోధన చేస్తాను నేను. ఆ రోజు సోలాపూర్ సిటీ బస్సులో తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్ వైపు వెళ్తుంటే, శిక్షణలో వాడే రబ్బరు బొమ్మ నా ఒళ్లో ఉంది. దానికి తల, ఛాతీ మాత్రమే ఉంటాయి. పక్క సీటులోని ఆమె తన బీడీల బుట్టను దూరంగా లాక్కుంది.

"ఏంది సారూ, పీనుగ లెక్క? అవుతల పెట్టు."

ఎందుకు వాడతామో చెప్పాను. ఆమె ముఖం ఇంకా బిగుసుకుంది.

"మా ఆయన కార్ఖానల మగ్గం కాడ్నే పడిపోయిండు. అందరు చుట్టు నిలవడి చూసిన్రు. రిక్షా వచ్చేదాంక నేను ఆయన మొఖం మీద నీళ్లు చల్లుకుంట కూసున్న, అంతల్నే పానం పోయింది. ఏం జెయ్యాల్నుండె? చూపియ్యి."

బొమ్మ ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఆనించి, గట్టిగా, వేగంగా ఒత్తి చూపించాను. ఆమె నా చేతులు నెట్టేసి తానే నాలుగుసార్లు ఒత్తింది.

"గింతేనా?" అంది. "గింతే అయితే మా పేటకొచ్చి ఒక్కలన్న ఎందుకు చెప్పలే?"

 స్టాప్ రాగానే ఆమె నా మోకాళ్లను బుట్టతో నెట్టుకుంటూ దిగిపోయింది.

అప్పటి నుంచి శిక్షణలో "ఇది చాలా తేలిక, ఎవరైనా చేయొచ్చు" అనే మాట నా నోట రాదు; అంత తేలికైనదాన్ని ఆమె పేటకు వెళ్లి ఎవరూ చెప్పలేదు.