సుభద్రమ్మ కమ్మల్లో సముద్రపు ప్రాణి

షహజాదీ బేగం రోజూ తొమ్మిదింటికల్లా జంతుశాస్త్రం ల్యాబులో ఇరవై రెండు మైక్రోస్కోపులు తుడవాలి. ఇరవై ఒకటి తుడుస్తుంది. మిగిలినదాంట్లో కన్ను పెట్టి కూర్చుంటుంది.

గోదావరిఖనిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆమె అటెండరు. సముద్రం చూడలేదు. సముద్రంలో తేలే రేడియోలేరియా అనే ప్రాణిని మాత్రం పదేళ్లుగా ఒకే స్లైడులో చూస్తోంది. మామూలు కంటికి ఆనదు. గుండ్రటి పెంకు, జల్లెడలాంటి రంధ్రాలు, చుట్టూ ముళ్లు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ పెంకునే సన్నటి వెండి తీగతో అల్లి, టంకం పెట్టి కమ్మలు చేస్తుంది. ఏంటిదని అడిగితే ఎవరికి నచ్చే పేరు వాళ్లకు చెబుతుంది. టీచరమ్మకు చుక్క, గని కాలనీలో పక్క క్వార్టర్ ఆపరేటరు భార్యకు సూర్యుడు.

మంథని సుభద్రమ్మకు పారిజాతం అని చెప్పింది. ఉల్లిగడ్డ కూడా ముట్టని ఇల్లు వాళ్లది. భర్త వామనరావు షష్టిపూర్తికి ఇంటి ఆడపిల్లల కోసం ఆరు జతలు చెయ్యమంది. కాలనీ దాటి వచ్చిన మొదటి ఆర్డరు. షహజాదీ భర్త మహబూబ్ బండ్ల మెకానిక్. ఆమె తీగ వంచేది అతని పట్టకారుతోనే.

"ఇది గిట్ల వాపస్ వస్తే నా పట్టకారు నా షెడ్డుకు రావాలె. నీ దుకాణం బంద్" అన్నాడు.

మొదటి జత ఇచ్చిన వారానికే సుభద్రమ్మ వచ్చింది, కమ్మలు స్టీలు డబ్బాలో పెట్టుకొని. మనవరాలు ప్రవల్లిక అదే కాలేజీలో చదువుతుంది. ప్రాక్టికల్స్‌లో స్లైడు చూసి ఇంట్లో చెప్పేసింది.

"ఇది పువ్వా, పురుగా?"

"పురుగు కాదమ్మా, దాని ఇల్లు. అది ఎప్పుడో పోయింది."

"క్వార్టర్ ఖాళీ చేసి పోయిందంటవ్."

"తాళం గూడ వెయ్యలేదు."

సుభద్రమ్మ నవ్వలేదు. "మరి పారిజాతమని ఎందుకు చెప్పినవ్?"

"పురుగు ఇల్లంటే పెట్టుకుంటరా?"

"పెట్టుకోను."

గడపలో నిలబడ్డ మహబూబ్ పట్టకారు వైపు చూశాడు.

సుభద్రమ్మ డబ్బా మూత తీసి, కాసేపు చూసింది. "మా ఆయన పొద్దుగాల దేవుని ముంగట ఊదే శంఖం గూడ ఖాళీ క్వార్టరే గద. నలభై ఏండ్ల సంది ఊదుతున్నరు. ఆయనను అనని దేవుడు నన్నేమంటడు?"

కమ్మలు తగిలించుకుంది.

"ఇంకో జత చెయ్యి, మా ఆడిబిడ్డకు. నా వంటింట్ల అడుగు పెడితే మడి తప్పిందని వంద వంకలు పెడుతది."

"ఆమెకు ఏమని చెప్పాలె?"

"పారిజాతమనే చెప్పు. పెట్టుకొని ఊరంత చూపిచ్చినంక, మిగతాది నేను చెప్త."

షహజాదీ పట్టకారు అందుకుంది. ఆరు జతలు ఏడయ్యాయి.