సున్నా మీద నిలబడ్డ కుటుంబం

మా ఆఫీసు మణుగూరులో ఒక టైర్ల దుకాణం మీద ఉండేది. మా బోర్డు మీద 'సొల్యూషన్స్' అని రాసి ఉండేది. కింద దుకాణంలోనూ సొల్యూషనే వాడేవాళ్ళు, ట్యూబులు అతకడానికి. గిరాకీ వాళ్ళకే ఎక్కువ.

కరెంటు ఊరికే పోయేది కాబట్టి వెనక బాల్కనీలో జనరేటర్ పెట్టారు. తాడు గుంజితే గాని లేవదు. ఆ తాడు ఎవరు గుంజాలన్నదానికి మా సార్ ఒక రూలు పెట్టాడు: చివరిసారి ఎవరి ప్రోగ్రాం మీద కంప్లైంట్ వచ్చిందో వాళ్ళు. ఇంకొకరి మీద వచ్చేదాకా వాళ్ళే. ప్రోగ్రామర్ అంటే ఏసీలో కూర్చుని కాఫీ తాగుతాడని మా ఇళ్ళల్లో నమ్మకం. మా దగ్గర మంచి ప్రోగ్రామర్‌ని అరచేతులు చూసి గుర్తుపట్టొచ్చు, బొబ్బలు ఉండవు.

ఆ ఎండాకాలమంతా తాడు ఒక అన్న దగ్గరే ఉంది. మా అందరిలోకీ పెద్దవాడు. తండ్రి బొగ్గుబాయిలో అన్‌ఫిట్ అయినప్పుడు కొడుక్కి రావలసిన ఉద్యోగం తమ్ముడికి వదిలేసి, తాను కంప్యూటర్ నేర్చుకున్నాడు. తమ్ముడికి క్వార్టర్ వచ్చింది, అన్నకు తాడు వచ్చింది. ఆఫీసులో సిస్టమ్స్ అన్నీ తన చేతిమీదే నడుస్తాయని వదినకు చెప్పేవాడు. అబద్ధమేం కాదు.

అప్పుడు కాంటా పని తగిలింది. పినపాక రోడ్డులో జామాయిల్ కర్ర కొనే ఒక సేటు, లారీలు తూచడానికి కొత్త కాంటా కట్టించాడు. నేలకు సమానంగా ఇనుప పలక, పక్కన చిన్న గది, అందులో కంప్యూటర్. కర్ర లారీ పలక ఎక్కితే బరువు తెర మీద పడాలి. ఖాళీ లారీ బరువు దాని తలుపు మీదే రాసి ఉంటుంది, అది తీసేస్తే మిగిలింది కర్ర. ప్రోగ్రాం అన్నకు ఇస్తూ సార్ చెప్పాడు: "ఈసారి కంప్లైంట్ వస్తే తాడు గూడ ఉండదు. ఇంటికాన్నే ఉండు."

ప్రోగ్రాం మొదటిసారి లేచినప్పుడు పలక మీద ఏం ఉంటే దాన్నే సున్నా అనుకునేలా అన్న రాశాడు, మట్టీ గిట్టీ లెక్కలోకి రాకుండా. ట్రయల్‌లో తెర మీద ఒకసారి మైనస్ కనబడింది. సార్ మొహం మాడింది.

"శుభమా అని పెట్టుకుంటుంటే మైనస్ ఏందయ్యా? మైనస్ వస్తే సున్నా చూపియ్."

తప్పు జరిగితే తెలిసేది దానివల్లనే అని అన్న గొణిగాడు. గొణిగి, సార్ అడిగిన లైను రాశాడు.

ప్రారంభానికి పూజ పెట్టారు. కొత్త లారీకైతే చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. కాంటాకు చక్రాలు లేవు కనుక కుటుంబం మొత్తం పలక ఎక్కింది: సేటు, భార్య, తల్లి, బావమరుదులు, పూజారి, హారతికి మా సార్. తిండికి లోటు చేసుకున్న మనిషి అందులో ఒక్కరూ లేరు. కొబ్బరికాయ పగిలిన క్షణంలోనే మొదలుపెట్టాలని ముహూర్తం. గదిలో ఉన్న అన్న చప్పుడు విని మీట నొక్కాడు. తెర మీద సున్నా. అందరూ దిగారు. మళ్ళీ సున్నానే. చప్పట్లు కొట్టాం.

కొన్నాళ్ళకు ఒక రైతు గొడవకు దిగాడు. వేరే కాంటాలో తూచుకుని వచ్చిన కర్ర ఇక్కడ తగ్గిందట. సార్, అన్న, నేను వెళ్ళాం. అన్న పలక ఎక్కాడు, సున్నా. నేను ఎక్కాను, సున్నా. సార్ ఎక్కాడు, సున్నా. సార్‌దీ నాదీ సున్నా అంటే నాకు అభ్యంతరం లేదు.

అన్నకు అర్థమైంది. పూజ రోజు అందరూ పలక మీదనే ఉన్నారా అని సేటుని అడిగాడు.

"మరి పూజ రోడ్డు మీద చేస్తరా?" అన్నాడు సేటు.

ప్రతి లోడులోంచీ సేటు కుటుంబమంత కర్ర మాయమవుతోందన్నమాట. అన్న సార్ వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు: "మైనస్ కనబడితే ఆ రోజే తెలుస్తుండె సార్."

"మైనస్ తీసిందెవరు? నువ్వే గదా."

సేటు నవ్వాడు. తూచింది తూచిందేనని రైతుని పంపించేశాడు. అన్నని సార్ అక్కడే పంపించేశాడు.

గొడవ మిగతా రైతులకూ పాకేసరికి, మైనస్ దాచే ఆ లైను నన్ను కొట్టేయమన్నారు. మొదటి ముహూర్తం బాగాలేదని సేటు మళ్ళీ పూజ పెట్టించాడు, కుటుంబం మళ్ళీ పలక ఎక్కింది. కాయ పగిలింది. కంప్యూటర్ ఆలోచిస్తోందని చెప్పి, అందరూ దిగేదాకా ఆగి నొక్కాను. పని అంటే గిట్లుండాలని సార్ నా భుజం తట్టాడు. వారానికల్లా పలక మీది తడిమట్టి ఎండి, తెర మీద చిన్న మైనస్ వచ్చింది. సేటు ఫోన్ చేశాడు. కంప్లైంట్ కంప్లైంటే. తాడు నాకు వచ్చింది.

అన్న ఇంట్లో చెప్పలేదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి, సాయంత్రం దాకా కింద టైర్ల దుకాణంలో కూర్చునేవాడు. ఒకరోజు కరెంటు పోయింది. నేను ఎంత గుంజినా జనరేటర్ లేవలేదు. సార్ మెట్ల దగ్గరికి పోయి కిందికి వంగాడు.

"ఏమయ్యా, ఖాళీగనే ఉన్నవు గదా. ఒక్కసారి వచ్చి గుంజిపో."

అన్న డబ్బా పక్కన పెట్టి పైకి వచ్చాడు. నలగకుండా చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. ఒక్క గుంజుకే లేచింది. సిస్టమ్స్ అన్నీ వెలిగాయి. ఆయన తన పాత కుర్చీ వైపు చూడకుండా దిగిపోయాడు. రేపటి నుంచి కరెంటు పోతే ఆయన్నే పిలవమని సార్ నాకు చెప్పాడు.