వంతెన మీద సిగ్నల్

మా భద్రత కోసమని మా వైపు ఇంటర్నెట్ ఆపేశారు. ఐదో రోజున అమలాపురంలో బస్సెక్కాను. పక్క సీట్లో యాభై ఏళ్లావిడ ఫోన్‌ను రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది.

"గోదారి దాటితే నెట్ వస్తాదంట గదండీ?"

"వస్తుందనే అంటున్నారండీ."

ఆవిడ కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తుందట, సెలవు మీద వచ్చిందట. తిరిగి ఎప్పుడొస్తావని యజమానురాలు అడుగుతోందట. వాళ్ల మాటలన్నీ వాట్సాప్‌లోనే.

"నాలుగు రోజులై నేను జవాబివ్వలేదు బాబూ. పని ఉంచుద్దో, లేదో!"

రావులపాలెం దాటి జొన్నాడ వంతెన మీదికి రాగానే బస్సులో ఫోన్లన్నీ ఒక్కసారిగా కూశాయి. అందరూ తలలు వంచారు. గుళ్లో కూడా అంత భక్తి నేను చూడలేదు. ఆవిడ వరసగా వాయిస్ మెసేజ్‌లు చెవి దగ్గర పెట్టుకుని విన్నది. చివరిది రెండుసార్లు విన్నది.

"ఇంకో మనిషిని పెట్టేసుకున్నారంటండీ," అంది.

అప్పుడే నా ఫోన్లో ప్రభుత్వంవారి గ్రూపు నుంచి ప్రకటన దిగింది: 'మీ భద్రత దృష్ట్యా ఇంటర్నెట్ నిలిపివేశాం.' ఆ కబురు కూడా ఇంటర్నెట్‌లోనే పంపారు, అదీ ఆపేశాక. పాచిపోయిన కూర మూత తీసినట్టయింది. ఏం వచ్చిందని ఆవిడ అడిగితే చదివి వినిపించాను.

"నేను భద్రంగానే ఉన్నానని రాయండి బాబూ."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. రాయబోయాను. అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపగలరని ఉంది.

"పంపేరా అండీ?"

"ఆయ్, పంపేనండీ," అన్నాను.