రాసింది రాసినట్టు

దర్శి శేషాచలం మాస్టారు ఎన్ని నాటికలు రాశారో ఆయనకే గుర్తులేదు గానీ, జనానికి మాత్రం ఒక్క మాట గుర్తుంది. ఇల్లొదిలి పారిపోయిన మొగుడు పదేళ్లకు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడితే పెళ్లాం అంటుంది: "కాళ్లు కడుక్కో. అన్నం పెడతాను. తిని వెళ్లిపో."

అంతే. ఏడుపు లేదు, శాపనార్థాలు లేవు. ఆ మాటే ఆయన చేత బడిపంతులు ఉద్యోగం మాన్పించి హైదరాబాదు తీసుకెళ్లింది, సినిమాలకు మాటల రచయితను చేసింది, సీరియళ్లతో ఇల్లు కట్టించింది. ఏ సభకు వెళ్లినా ఆ మాట మీ నోటివెంట వినాలండీ అని పట్టుబట్టేవారు. చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ సిగ్గుతో చెవులు వేడెక్కేవి. ఎందుకంటే ఆ మాట ఆయన రాయలేదు.

ఆయన రాసింది ముప్పావు పేజీ. "ఓ కఠినాత్ముడా! నా హృదయం ఏనాడో బండబారిపోయింది..." అంటూ సాగుతుంది. ఆ వేషానికి గుంటూరు నుంచి షాజాదీని పిలిపించారు. పగలు మిరపకాయల తొడిమలు తీసే కూలి, సాయంత్రమైతే ముఖానికి రంగు. వేళ్ల మంట ఎంత కడిగినా పోదు కనుక, స్టేజీ మీద ఏడ్చినప్పుడు కళ్లు మోచేతి మీద తుడుచుకునేది. ఇరవై రెండేళ్ల కిందట పర్చూరు నాటిక పోటీల్లో, మరిచిపోయిందో, అక్కర్లేదనుకుందో, ఆ ముప్పావు పేజీ వదిలేసి, ఎదుటివాణ్ణి ఎగాదిగా చూసి, ఆ మూడు ముక్కలు అనేసింది.

తెర పడగానే మాస్టారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. అందరి ముందూ నిలబెట్టి కడిగేశారు.

"రాసింది రాసినట్టు చెప్పడం చేతకాకపోతే తొడిమలే తీసుకో. నీకెందుకు నాటకాలు?"

ఇంకెప్పుడూ తప్పు రానివ్వనండి మాస్టారూ అని తలవంచుకుని, రంగు కడుక్కుని గుంటూరు బస్సెక్కేసింది పాపం.

గంట తిరక్కుండానే ఉత్తమ రచన బహుమతి ఆయనకే వచ్చింది. న్యాయనిర్ణేత ఆ మాటనే మైకులో రెండుసార్లు చెప్పి మురిసిపోయాడు. నిజం ఒక్క ముక్క చెబితే సరిపోయేది. మనిషి ఎదురుగా లేదు కదా అనుకున్నారు మాస్టారు. ఛీ, ఎంత సులువుగా అనుకున్నారో! శాలువా కప్పించుకున్నారు. పుస్తకం అచ్చేయించినప్పుడు ముప్పావు పేజీ కొట్టేసి ఆ మాట పెట్టారు. మళ్లీ ఆమెను పిలవడానికి మొహం చెల్లలేదు. వేరే నాటక సమాజాలవాళ్లు అడిగితే, ఆమెకు ధారణ తక్కువండీ అని చెప్పారు. ఆ దెబ్బతో షాజాదీకి వేషాలే ఆగిపోయాయి.

మొన్న ఫిబ్రవరిలో అదే పర్చూరులో ఆయనకు సన్మానం పెట్టారు. నిర్వాహకుడు గోపాలకృష్ణ, మాస్టారికి చెప్పకుండా, షాజాదీని వెతికి తెచ్చి ఆ ఆఖరి సీను వేయించాడు. తల నెరిసిన షాజాదీ గుమ్మం దగ్గర నిలబడి మొదలుపెట్టింది: "ఓ కఠినాత్ముడా!"

ముప్పావు పేజీ, పొల్లుపోకుండా. మాస్టారికి కుర్చీలో ముళ్లు మొలిచాయి. డైలాగు మరిచిపోయిందిరోయ్ అని ఎవరో అరిచారు. హాలంతా కాళ్లు కడుక్కో, కాళ్లు కడుక్కో అని అందించడం మొదలెట్టింది. ఆమె తొణకలేదు, బెణకలేదు. చివరిదాకా చెప్పి దణ్ణం పెట్టింది. వయసు మీద పడింది, మన్నించాలని గోపాలకృష్ణ మైకులో వేడుకున్నాడు.

మాస్టారు లేచి మైకు లాక్కున్నారు.

"ఆమె మరిచిపోలేదు. నేను రాసింది ఇప్పుడు విన్నారే, అదీ. మీరు మెచ్చుకున్న మాట ఆమెది. నేను దొంగిలించాను."

హాలంతా చప్పట్లు మోగిపోయాయి. ఇంత పేరొచ్చాక కూడా ఎంత వినయమండీ అంటూ గోపాలకృష్ణ ఇంకో దండ వేశాడు. వినయం కాదయ్యా, దొంగతనం అంటుంటే చప్పట్లు ఇంకా పెరిగాయి.

ఆయన దండ తీసి పక్కన పడేసి తెర వెనక్కి వెళ్లారు. షాజాదీ మోచేతి మీద కళ్లు తుడుచుకుంటోంది.

"షాజాదీ, ఆ మాట నీదేనని నువ్వైనా చెప్పమ్మా వీళ్లకి."

ఆమె తికమకపడింది.

"నేనెప్పుడన్నానండీ మాస్టారూ? ఏమన్నానో ఏమో, నాకేం గుర్తులేదు. మీరు తిట్టింది ఒక్కటే గుర్తుంది. అందుకే అప్పుడు మీరిచ్చిన కాగితమే మళ్లీ బట్టీపట్టి, ఈసారి ఒక్క అక్షరం పోనివ్వలేదండి. సరిగ్గా చెప్పానా?"

సరిగ్గానే చెప్పావమ్మా అన్నారు మాస్టారు. ఆమె ముఖం వెలిగిపోయింది. అది చూడలేక ఆయన తలదించుకున్నారు.