దూది ఆగని ఇల్లు

కొత్తగా పనికి చేరిన అమ్మాయి, చిరిగిన దిండులోంచి రాలిన దూదిని ఊడుస్తోంది. ఫ్యాను గాలికి అది మళ్లీ లేస్తోంది.

"చాల్లేమ్మా, వదిలెయ్" అన్నాను.

పందొమ్మిదివందల యాభైలలో ఆదోనిలో మా ఇల్లు, పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు మిల్లు వెనకాలే. కిటికీలు మూసినా దూది వచ్చిపడేది. నా ఏడో ఏట ఈరమ్మ పనికి కుదిరింది. మొదటిరోజే అమ్మ, "బండల మీద ఒక్క దూది పోగు కనపడినా ఆమెను పోనియ్యొద్దు" అని నాకు చెప్పి బజారుకు పోయింది. నేను లోపలినుంచి గడియ పెట్టి, తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను.

ఈరమ్మ ఊడ్చింది, తడిగుడ్డతో తుడిచింది. దూది మళ్లీ పడింది. మళ్లీ ఊడ్చింది.

"మిల్లు నిలిస్తే గదా పాపా, దూది నిలిసేది! ఇంటికాడ పసిబిడ్డ ఏడుస్తాంటాది. పోనియ్యి తల్లీ."

"అద్దో, ఆడ ఇంగో పోగు" అని వేలు చూపించాను.

ఆమె మళ్లీ వంగింది. రవిక ముందంతా తడిసిపోయి ఉంది.

"నీళ్లు మీద సల్లుకోకుండా తుడిసేకి రాదా నీకు?" అని కసిరాను కూడా.

అమ్మ వచ్చి గడియ తీయించేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఈరమ్మ చీపురు అక్కడే పడేసి పరుగెత్తింది.

చాలా ఏళ్లకు, పక్కగదిలో నా బిడ్డ ఆకలికి ఏడ్చినప్పుడు నా రవిక తడిసింది. ఆరోజు ఈరమ్మను తడిపినవి నీళ్లు కావని అప్పుడు తెలిసింది.