మెదకు దిక్కు పోతరా?

నర్సింగానికి ఒకటే జబ్బు. ఎవరు కనబడినా పేరు అడగడు, ఊరు అడగడు, "మీరు మెదకు దిక్కు పోతరా?" అని అడుగుతాడు. రైల్లో టికెట్ కలెక్టరును అడిగాడు. పన్ను పీకుతున్న డాక్టరును, నోట్లో పట్టకారు ఉండగానే, అడిగాడు. నాగపూర్‌లో గుర్రం మీద ఊరేగుతున్న పెళ్లికొడుకును అడిగితే, ఆ అబ్బాయి బిత్తరపోయి మామగారి వైపు చూశాడు. పోవాలో వద్దో ఆయనే చెప్పాలనుకున్నాడు పాపం.

నాగపూర్‌లో మాకేం పని అంటారేమో, మేం విదేశాల్లో చదువుకున్నవాళ్లం. నవ్వకండి. నలభై ఏడు ఆగస్టులో చుట్టూ ఉన్న దేశానికి స్వతంత్రం వచ్చింది, నిజాం రాజ్యంలో ఉన్న మెదకుకు రాలేదు. కనుక మా లెక్కన నాగపూర్ పరదేశమే. మరుసటేడు ఆ పరదేశంలో వ్యవసాయ కళాశాలలో మా ఇద్దరికీ సీటు దొరికింది. నర్సింగం హవేలిఘనపూర్ పటేలు కొడుకు, ఆరడుగుల మనిషి. వాడు బయల్దేరుతుంటే వాళ్ల తాత అరుగు మీద కూర్చుని అందరికీ వినబడేలా గొణిగాడట. "దున్నుడు నేర్సుకోను పరదేశం పోవుడేందిరా? మనింట్ల నాగలి లేదా?"

మా అమ్మ బాలనర్సమ్మ బస్సు దాకా వచ్చింది. నాన్న పోయాక ఇంట్లో మేమిద్దరమే. ఏడుస్తుందేమోనని భయపడ్డాను గానీ ఏడవలేదు, నాతో పెద్దగా మాట్లాడనూ లేదు. నర్సింగాన్ని పక్కకు పిలిచి, వాడి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. వాడు "హౌ అమ్మా, హౌ" అంటూ బస్సు కదిలేదాకా తల ఊపాడు. ఏం చెప్పిందిరా అంటే "ఏం లేదు, జర పైలమన్నది" అన్నాడు.

నలభై ఎనిమిది ఎండాకాలం దాటేసరికి ఊళ్లల్లో గడబిడ పెరిగింది. ఒక పక్క రజాకార్లు, ఒక పక్క నిజాం మీద తిరగబడ్డ సంఘంవాళ్లు, సరిహద్దు మీద రాకపోకలకు కట్టుదిట్టాలు. ఉత్తరాలు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. నేను రాసినవి చేరాయో లేదో తెలియదు. మూడు నెలలుగా అమ్మ ఎలా ఉందో నాకు తెలియదు, నేను బతికే ఉన్నానని ఆమెకు తెలియదు. రోజూ అన్నం ముందు కూర్చోగానే ఆమె గుర్తొచ్చేది, ముద్ద దిగేది కాదు. అయినా నేను ఎవరికీ చెప్పుకోలేదు. మగవాణ్ని, పైగా పరదేశంలో చదువుతున్నవాణ్ని, అమ్మ కోసం దిగులు పడుతున్నానంటే పరువేం కావాలి? నర్సింగం మటుకు ఆ మూడు నెలల్లో జబ్బు బాగా ముదిరి, మనిషి కనబడితే చాలు అడగడం మొదలుపెట్టాడు.

ఆగస్టు చివర్లో కళాశాలవాళ్లు మమ్మల్ని ఉత్తరాది పొలాలూ పశువుల క్షేత్రాలూ చూపించడానికి తీసుకుపోయారు. పది రోజులు ఎరువుల వాసన చూశాక, ఆగ్రాలో ఒక ఆదివారం మాకు సెలవిచ్చారు. జీవితంలో మళ్లీ వస్తామో రామో, తాజ్‌మహల్ తనివితీరా చూడాలని పొద్దున్నే తలంటుకుని బయల్దేరాను. నర్సింగం జేబు నిండా చిన్న చిన్న కాగితపు చీటీలు కుక్కుకుని వచ్చాడు.

టాంగా ఎక్కీ ఎక్కగానే మొదలుపెట్టాడు. "మెదక్ తరఫ్ జాతే క్యా?"

టాంగా ముసలాయన కళ్లెం పట్టుకుని ఆలోచించాడు. "నా గుర్రం ముసలిది సాబ్. ఎంత దూరం?"

"ఏడెనిమిది వందల మైళ్లుంటది."

"అయితే ముందు దానికి గడ్డి వెయ్యాలి" అన్నాడాయన, ఏమాత్రం నవ్వకుండా.

నర్సింగం కూడా నవ్వకుండా ఒక చీటీ తీసి ఆయన చేతిలో పెట్టాడు. "మీరు పోకున్నా మంచిదే. పొయ్యేటోళ్లు ఎవలన్న మీ టాంగా ఎక్కితే ఇయ్యుండ్రి" అని తన మెదకు ఉర్దూలో విడమరిచి చెప్పాడు. ముసలాయన దాన్ని తలపాగాలో దోపుకున్నాడు. చీటీలో ఏముందో నాకు చూపించలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని రాసేవాడు. పటేలు గారికి కొడుకు క్షేమసమాచారాలు కాక ఇంకేముంటాయని నేనూ అడగలేదు.

తాజ్‌మహల్ ఎదుట నిలబడి దానికి వీపు పెట్టిన మనిషిని నేను మరొకణ్ని చూడలేదు. నర్సింగం నీళ్లకాలువ పక్కన బండ మీద కూర్చుని గేటు వైపు తిరిగాడు. మనుషులు వచ్చేది అటునుంచి కదా.

"జర ఇటు తిరిగి చూడురా. పాలరాయి ఎట్ల మెరుస్తున్నదో" అన్నాను.

"అది యాడికి పోతది మల్లేశం? మనుషులైతే పోతరు" అన్నాడు.

ఒక పంజాబీ జవాను సెలవు మీద వచ్చినట్టున్నాడు, చేతిలో పేఠా మిఠాయి పొట్లంతో దొరికాడు. మెదకు తరఫ్ జాతే క్యా అంటే అతను నర్సింగాన్ని కిందికీ మీదికీ చూశాడు. సైన్యం ఎటు పోతుందో మామూలు జనం అడిగే రోజులు కావవి. "ఎందుకడుగుతున్నావు?" అన్నాడతను. నర్సింగం చీటీ ఇచ్చాడు. అతను చదివాడు, మళ్లీ చదివాడు, నా వైపు ఒకసారి చూసి, చీటీ చొక్కా జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నాడు. నా వైపు ఎందుకు చూశాడో అర్థం కాలేదు. పొట్లం విప్పి మా ఇద్దరికీ చెరో ముక్క పేఠా ఇచ్చి వెళ్లిపోయాడు.

యమున ఒడ్డుకు పోదామంటే అక్కడొక సాధువు. హిమాలయాలకు పోతున్నానన్నాడు.

"అది ఉల్టా దిక్కు గదరా" అని నేను చెయ్యి పట్టి లాగాను.

"వాపస్ వచ్చేటప్పుడన్న ఇయ్యొచ్చు గద" అని నర్సింగం ఆయన సంచీలో కూడా ఒకటి వేశాడు.

మధ్యాహ్నానికి కోట చేరాం. షాజహాను చివరి రోజుల్లో ఖైదులో ఉండి తాజ్‌ను చూసుకున్న చోటు ఇదేనని గైడు గొంతు తగ్గించి చెబుతున్నాడు. నా కళ్లు తడి అయ్యేలా ఉన్నాయి. సరిగ్గా అప్పుడు నర్సింగం ఆయన భుజం తట్టి అడిగాడు, అదే మాట.

ఇక నాకు ఒళ్లు మండింది. "నీకు నీ ఇల్లు తప్ప వేరే ధ్యాస లేదారా? లోకంల నీ ఒక్కనికే ఇల్లున్నదా? నాకు లేదా? మూడు నెలలాయె, అమ్మ ఉన్నదో లేదో ఎరుక లేదు. నేనెవల్నన్న అడిగిన్నా?"

నోరు జారాక ఆపుకోలేకపోయాను. గైడు మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు. నర్సింగం కోపం తెచ్చుకోలేదు.

"ఉన్నదిరా. మంచిగనే ఉంటది" అన్నాడు. గైడును పిలిచి, "దక్షిణం ఏ దిక్కు?" అని అడిగాడు. ఆయన చూపిన వైపు ఇద్దరం నిలబడి చూశాం. మట్టి రంగు ఇళ్లు, వాటి అవతల చెట్లు, ఆ పైన మబ్బులు. మెదకు కనబడుతుందా? అయినా చాలాసేపు చూశాం. తాజ్‌మహల్ కన్నా ఎక్కువసేపే చూసి ఉంటాం.

తర్వాత సెప్టెంబరులో ఐదు రోజుల్లో పోలీసు చర్య ముగిసిపోయింది. పరదేశంలో చదువుకుంటున్న మేం కదలకుండా ఉన్నచోటనే స్వదేశంలో పడ్డాం. దీపావళి సెలవులకు ఇంటికొస్తూ, బస్సు తూప్రాన్ దాటిందగ్గర్నుంచి సీటు అంచునే కూర్చున్నాను. మెదకులో దిగి, చర్చి గోపురం కనబడినా తలెత్తి చూడకుండా, ఖిల్లా కింది మా గల్లీలోకి పరుగెత్తాను.

అమ్మ వాకిట్లో వడ్లు ఎండబోస్తోంది. నన్ను చూసి కొంగుతో మొహం తుడుచుకుంది. అంతే. ఆరు నెలల తర్వాత వచ్చిన కొడుకును చూసినట్టు లేదు, అంగడికి పోయి వచ్చినవాణ్ని చూసినట్టుంది.

"భయపడలేదా అమ్మా?" అన్నాను, కొంచెం చిన్నబుచ్చుకుని.

"భయమెందుకు బిడ్డా? నీ ఖబర్ వస్తనే ఉండె గద. మిల్ట్రీ ఆయన్ని తోలితివి."

బతుకమ్మ పేర్చే రోజుల్లో మా గల్లీలోకి జీపు వచ్చిందట. తంగేడు పూలు తెంపుతున్న ఆడవాళ్లంతా ఇళ్లల్లోకి పరుగు. అమ్మ వడ్ల గుమ్మి వెనక దాక్కుంది. పంజాబీ జవాను వాకిట్లో నిలబడి, గుమ్మికి సలాం చేసి, చీటీ చదివి, చల్ల ఇస్తేగానీ కదలనన్నాడట. వారం తర్వాత రగ్గులు అమ్ముకునే ఆయనెవరో వచ్చాడు, టాంగా ముసలాయన ఇచ్చాడంటూ. ఆ తర్వాత ఇంకో ఇద్దరు.

"నీది ఎంత పెద్ద కొలువు బిడ్డా" అంది అమ్మ. "దేశమంత నీ మనుషులే ఉన్నరు."

దేవుడి గూట్లోంచి నాలుగు చీటీలు తీసి ఇచ్చింది. అన్నీ ఒకే చేతి ఉర్దూ రాత. "మెదకు, ఖిల్లా కింది గల్లీ, బాలనర్సమ్మ గారికి. మీ మల్లేశం క్షేమం. రెండు పూటలా తింటున్నాడు. పరేషాన్ కావద్దు. ఈ చీటీ తెచ్చినవారికి చల్ల పొయ్యండి."

ఆ పూటే హవేలిఘనపూర్ పోయాను. నర్సింగం అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. లోపల పటేలు గారు కేకలు వేస్తున్నారు.

"నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెప్తే వద్దంటవు. నీకు పరువెక్కువ. బస్సు కాడ మీ అమ్మ ఒక్కటే అడిగింది. మావోడు మంచిగుంటే మంచిగున్నడని ఎవలతోనన్న చెప్పి పంపు బిడ్డా, నాకు చదువు రాదు, ఉత్తరం వచ్చినా మనిషి చెప్తేనే నమ్ముత అన్నది. హౌ అన్న. మరి మనుషుల్ని యాడికెల్లి తేవాలె?"

వాడి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. లోపలినుంచి కేకలు ఆగలేదు.

"మీ నాయిన దేనికి కోపం చేస్తున్నడు?"

నర్సింగం గొంతు తగ్గించాడు. "ఉన్ననో పోయిన్నో ఒక్క ఖబరన్న పంపలేదని. మర్సిపోయిన్రా."

తొమ్మిదేళ్లు గడిచాయి. ఇద్దరం వ్యవసాయ శాఖలో చేరాం. నాకు పెళ్లయింది, కొంచెం పొట్ట కూడా వచ్చింది. ఒక పొద్దున వాకిట్లో పీట మీద కూర్చుని జొన్నరొట్టె తింటుంటే గడ్డం నెరిసిన సాధువొకాయన వచ్చి నిలబడ్డాడు. రామేశ్వరం పోతున్నాడట. సంచీలోంచి నలిగి పసుపుపచ్చబడిన కాగితం తీసి, విప్పి, గంభీరంగా చదివాడు. "మీ మల్లేశం క్షేమం. రెండు పూటలా తింటున్నాడు."

చేతిలో రొట్టె ముక్కతో లేచి నిలబడ్డాను. "బాబా, ఆ మల్లేశం..."

"నువ్వూకో. ఆయన్ని చెప్పనియ్" అంది అమ్మ.

సాధువును అరుగు మీద కూర్చోబెట్టింది. మొత్తం మళ్లీ ఒకసారి చదివించుకుని, మొదటిసారి విన్నట్టే తల ఊపింది. చెంబెడు చల్ల పోసింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, కర్ర అందుకుని లేచాడు. నర్సింగం జ్వరంతో పడి వారం రోజులుగా మా ఇంటి వైపు రాలేదు. అమ్మ సాధువు వెనకాలే గడప దాకా నడిచింది.

"బాబా, హవేలిఘనపూర్ దిక్కు పోతవా?" అని అడిగింది. "ఆడ నర్సింగమని మా పిలగాడున్నడు. బాలనర్సమ్మ మంచిగున్నది, రెండు పూటల తింటున్నది, పరేషాన్ కావద్దని చెప్పు. చల్ల వాడే పోస్తడు."

రామేశ్వరానికి అది ఉల్టా దిక్కు. అయినా ఆయన సరేనని అటే పోయాడు.