పోయొస్తానన్న మాట

గెలిచేవాణ్ని ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఓడిపోతాడని అందరూ తేల్చేసుకున్నవాణ్నే అడుగుతారు, అదీ నవ్వుతూ అడుగుతారు. ఓడిపోతే ఏం చేస్తావు అని. నంద్యాలలో ఒక వారపత్రికకు విలేకరిగా ఉన్న రోజుల్లో నేనూ నవ్వుతూనే అడిగాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రెండేళ్లు తిరక్కముందే ఎన్నికలు వచ్చిపడ్డాయి. మాది పెద్ద పత్రికేమీ కాదు. ఒక గది, కాలితో తొక్కే అచ్చుయంత్రం, అక్షరాలు పేర్చే ఒక ముసలాయన, సంపాదకుడు, నేను. పోటీలో ఉన్నవాళ్లందరినీ ఒకే ప్రశ్న అడిగి జవాబులు పక్కపక్కన వేస్తే బాగుంటుందని సంపాదకుడికి సరదా పుట్టింది. ఆ ప్రశ్నే ఇది.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. భాష మీద మహా పట్టింపు. ఒక పండితుడి దగ్గర నాలుగేళ్లు చదువుకుని, మా ఇంట్లో మాట్లాడేవన్నీ తప్పుడు మాటలని తేల్చుకున్న ఘనుణ్ని. ఎవరైనా యాడ, ఈడ, ఏందీ అంటే నా చేయి కలం కోసం తడుముకునేది. మా అమ్మ అన్నం వడ్డిస్తూ మాట్లాడుతుంటే కూడా మనసులో దిద్దుకుంటూ తినేవాణ్ని. పల్లెల్లో జనం చెప్పినదాన్ని అచ్చుకు తగినట్టు మార్చడమే విలేకరి పని అనుకున్నాను. సంపాదకుడు నన్ను మెచ్చుకున్నదీ ఆ పనికే.

మొదట ఒక పెద్దింటాయన దగ్గరికి వెళ్లాను. తరతరాలుగా భూములున్న కుటుంబం, గెలుపు ఆయనదేనని అందరికీ తెలుసు. నా ప్రశ్న విని ఆయన నా వైపు కూడా చూడలేదు. చుట్టూ ఉన్నవాళ్లను చూసి నవ్వాడు, వాళ్లూ నవ్వారు, ఒకడు నాకు కాఫీ తెచ్చిచ్చాడు. జవాబు అంతే. "విజయం పట్ల పూర్తి విశ్వాసం వ్యక్తం చేశారు" అని రాసుకుని, ఆ కాఫీ తాగి, మర్నాడు ఆళ్లగడ్డ బస్సెక్కాను.

రెండో ఆయన ఉండేది ఆళ్లగడ్డకు రెండు గంటల నడక దూరంలో, కాలువ చివరి పల్లెలో. పదేళ్లు అక్కడే ప్రాథమిక పాఠశాలలో పంతులుగా పనిచేసి, ఉద్యోగం వదులుకుని పోటీకి దిగాడు. అందరూ ఆయన్ని అయివారు అనేవాళ్లు. ఆ పల్లెలో గొడవంతా నీళ్ల గురించే. పైనున్న పెద్దింటి పొలాలు తడిసి, ఆ తర్వాత వాళ్లకు దయ కలిగితే కింద పల్లెకు నీళ్లు వచ్చేవి. కాలువ తూములు ఎత్తి వంతుల ప్రకారం నీళ్లు వదలాల్సిన నీరుగంటి కూడా పెద్దింటి మనిషే. పల్లె తరఫున అయివారు అర్జీలు రాసి రాసి విసిగిపోయి, చివరికి అభ్యర్థిగా నిలబడ్డాడు. ఆయన గుర్తు దీపం.

ఆయన గెలుస్తాడని ఆ పల్లెలో కూడా ఎవరూ అనుకోలేదు. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. వాళ్ల దిగులు ఎన్నిక గురించి కాదు, ఎన్నిక మర్నాటి గురించి. పెద్దింటికి ఎదురు నిలిచాక, ఓడాక, ఈ మనిషి తమ మధ్యే ఉంటాడా లేక మూటాముల్లె సర్దుకుని పోతాడా అన్నదే వాళ్లకు కావలసింది. ఆయన ఉంటే ఏదో ఒక తీరున బతకొచ్చు. ఆయన పోతే తాము పెద్దింటి చేతికి దొరికిపోయినట్టే.

నేను పోయేసరికి ఒక పెద్దాయన కళ్లంలో జనం జొన్నలు తూర్పారబోస్తున్నారు. తలుపు మీద సున్నంతో దీపం బొమ్మ గీసుకున్న మొదటి ఇల్లు ఆ పెద్దాయనదే. ఒక జత ఎద్దులు, మూడెకరాల చేను, కళ్లం పక్కన వాటి మేతకని అప్పుడే వేసిన చొప్ప వామి, అదే ఆయన ఆస్తి. అయివారు పంచె ఎగగట్టి గింజలు ఎత్తుతున్నాడు. ఇరవై మంది దాకా ఆడా మగా పని చేస్తున్నారు. నేను కాగితం తీసి, నవ్వుతూ, ఓడిపోతే ఏం చేస్తారని అడిగాను.

చేటలు ఆగిపోయాయి. ఒక్కరు కూడా నా వైపు చూడలేదు, అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయనా నన్ను చూడలేదు, వాళ్లను చూశాడు. చేతులు దులుపుకున్నాడు.

"ఏముందప్పా," అన్నాడు. "పోయొస్తా."

అంతే. చేటలు మళ్లీ కదిలాయి. ఎవరో ఆడమనిషి తల మీద కొంగు సర్దుకుని పక్కనామెతో ఏదో అని నవ్వింది. నాకు మాత్రం చిరాకేసింది. ఇంత దూరం నడిచొస్తే ఒక్క ముక్క, అదీ మోటు మాట. ఇంకేమైనా చెప్పమని రెండుసార్లు గుచ్చి అడిగాను. చెప్పింది చాల్లే అన్నట్టు ఆయన గింజల పనిలో పడ్డాడు. కాగితం మడుచుకుని, ఇక వెళ్తానని లేచాను.

పెద్దాయన నా భుజం పట్టుకుని ఆపాడు. "పోతాననగూడదు నాయనా," అన్నాడు. "పోతానంటే పోయినట్లే. పోయొస్తాననల్ల. అప్పుడు మళ్లా వచ్చేటట్ల."

ఆ సంగతి నాకు తెలియదా? నేను గడప దాటే ప్రతిసారీ మా అమ్మ అనిపించిన మాటే. సరే, పోయొస్తానని పెద్దాయనకోసం అని, నవ్వుకుంటూ దారిపట్టాను.

ఆ తర్వాతి ఏళ్లలో ఓడిపోయే అభ్యర్థులను చాలామందిని చూశాను. నేనెందుకు ఓడతానని ఎగిరిపడేవాడు ఒకడు, ప్రజలు అమాయకులని ఓటర్ల మీద ముందే నెపం వేసి పెట్టుకునేవాడు ఒకడు, గెలుపోటములు దైవాధీనమని తప్పించుకునేవాడు ఒకడు. పంచాయతీ సమితులు వచ్చిన కాలానికి నాకు కాస్త పేరు వచ్చి, ఆ ప్రశ్నకు ఏం చెప్పాలో చెప్పమని ఇద్దరు ముగ్గురు నా దగ్గరికే వచ్చారు. అడిగేవాడి మొహం చూడొద్దు, మీ వెనక నిలబడినవాళ్ల మొహాలు చూసి చెప్పండి, అసలు ప్రశ్న వాళ్లది అన్నాను. మర్నాడు మీరు ఎక్కడుంటారో అది చెప్పండి, ఇంకేమీ వద్దన్నాను. అది నా తెలివి కాదు. ఆ కళ్లంలో నా కళ్లముందు ఒకాయన చేసి చూపించాడు, నేను దాన్ని పాడు చేశాను.

ఆ రోజు కళ్లం నుంచి తిరిగి నంద్యాల చేరి రాయడానికి కూర్చున్నాను. పోయొస్తా అన్న మాట కాగితం మీద ఎంత వికారంగా కనిపించిందో చెప్పలేను. అచ్చులో అలాంటి మాట వేస్తే నన్ను చదివించిన పండితుడు ఏమనుకుంటాడు? రెండుసార్లు కొట్టేశాను. మూడోసారి నాకు తృప్తినిచ్చిన వాక్యం వచ్చింది. "ఓటమి ఎదురైన పక్షంలో వెళ్లిపోతానని అభ్యర్థి స్పష్టం చేశారు."

అక్షరాలు పేర్చే ముసలాయన ఆ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. ఎల్లిపోయేటోడు ఈ పోటీ ఎందుకు చేస్తాండాడప్పా అని అడిగాడు. రాసింది పేర్చమని కసిరాను. ఆయన పేర్చాడు.

పత్రిక వచ్చిన మూడో రోజు పెద్దాయన మా గదికొచ్చాడు. చెప్పులు గడప బయట విడిచి, తువ్వాలులో చుట్టుకొచ్చిన పత్రిక తీసి నా చేతికిచ్చాడు. చదువు రాదు ఆయనకు. పెద్దింటివాళ్లు ఒక కట్ట కొనుక్కుపోయి ఊరూరా చదివి వినిపిస్తున్నారట. మీ అయివారే వెళ్లిపోతానని చెప్పినాడు, అచ్చులో ఉంది, ఆ తర్వాత మీ గతేందని అడుగుతున్నారట. అయివారు తానట్లా అనలేదని ఎంత చెప్పినా, అచ్చైన మాట ముందు ఆయన మాట నిలవడం లేదట. పెద్దాయన ఇవన్నీ నెమ్మదిగా చెప్పి, నన్నే చదవమన్నాడు.

చదివాను. నా వాక్యం నా నోటికే రాయిలా తగిలింది. ఆయన పత్రిక నా చేతిలోంచి తీసుకుని మళ్లీ తువ్వాలులో చుట్టాడు.

"పోయొస్తా అన్న్యాడు కదా నాయనా," అన్నాడు. "వస్తా అనేది యాడబాయె?"

సవరణ వేద్దామని సంపాదకుణ్ని అడిగాను. తర్వాతి సంచిక వచ్చేది ఓట్లు పడ్డాక, అచ్చైంది అచ్చైంది, నువ్వు రాసిందాంట్లో వ్యాకరణ దోషమేమీ లేదు కదా అన్నాడాయన. పెద్దాయనకు ఇంకో ఆలోచన వచ్చింది. నేనే పల్లెకొచ్చి, కళ్లంలో అందరి ముందూ నా నోటితో చెబితే చాలన్నాడు. రాసినోడే తప్పని చెబితే నమ్ముతారన్నాడు. ఓట్లకు ఇంకా నాలుగు రోజులున్నాయి. తప్పకుండా వస్తానన్నాను. ఆయన చెప్పులేసుకుని, పోయొస్తా నాయనా అని వెళ్లాడు.

మర్నాడు ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఎక్కి కూర్చున్నాను కూడా. వెనక వరసలో పెద్దింటి మనుషులు ఇద్దరున్నారు. ఒకడు నన్ను గుర్తుపట్టి, భుజం తట్టి, మంచి మాట రాసినావప్పా, యాడికి పోతాండావ్ అన్నాడు. ప్రేమగానే అన్నాడు. చుట్టాలింటికని ఏదో గొణిగి, మరిచిపోయినదేదో గుర్తొచ్చినట్టు నటించి దిగిపోయాను. భయపడ్డాను. ఇంకో పేరేదీ పెట్టను దానికి. మిగిలిన మూడు రోజులూ జ్వరమని ఇంట్లో పడుకున్నాను, మా అమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చింది. జ్వరం లేదని ఆమెకు తెలుసు.

అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. తెర వెనక్కు పోయి, ఇష్టమైన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి రావాలి. లెక్కింపు రోజు ఏ ఊరి పెట్టెలు ఆ ఊరివిగానే తెరిచారు. కాలువ చివరి పల్లెలోని దీపం పెట్టెను గుమాస్తా ఒంటిచేత్తో ఎత్తి బల్ల మీద పెట్టాడు. అందులోని కాగితాలు లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు ఎక్కువయ్యాయి. చూస్తూ నిలబడ్డ అయివారి మొహంలో నేను కోపం కోసం వెతికాను. లేదు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, నా పక్కనుంచి పోతూ ఆగాడు.

"పోయొస్తా అప్పా," అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. మామూలుగా, ఎవరితోనైనా అనేటట్టే అన్నాడు. పల్లెకే పోయాడు.

ఎండలు ముదిరాక, ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఒకాయన మాటల్లో తెలిసింది. పెద్దాయన చొప్ప వామి కాలిపోయిందట. పట్టపగలు, అందరూ చేలల్లో ఉన్నప్పుడు. ఎవరు పెట్టారో ఎవరూ చూడలేదు. ఓట్లకు ముందే మిగతా ఇళ్లవాళ్లు తలుపుల మీది దీపాలు తుడిచేసుకున్నారు, పెద్దాయన ఒక్కడే తుడవలేదు. పల్లె మొత్తంలో కాలింది ఆ ఒక్క వామే. ఆ మాట విన్నాక నేను ఇంట్లో కూర్చోలేక ఆ పల్లెకు పోయాను.

కళ్లం పక్కన నేల నల్లగా ఉంది. పక్క చెట్టు ఆకులు కూడా ఒకవైపు మాడిపోయి ఉన్నాయి. మేత లేక ఒక ఎద్దు చచ్చిపోయింది, రెండోదాని పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. అయివారు తన ఇంటి కప్పు మీది బోద గడ్డి పీకి మోపు కట్టి తెచ్చి దానికి వేస్తున్నాడు. పాత బోద, మట్టి వాసన, ఎద్దు మూతి తిప్పుకుంటోంది. పెద్దాయన దాని మెడ నిమురుతూ తినమని బతిమాలుతున్నాడు.

నేను తప్పు చేశానని అయివారితో చెప్పాను. పోయొస్తా అన్న మాట అచ్చుకు పనికిరాదనుకుని మార్చానని, బస్సెక్కి కూడా దిగిపోయానని, అన్నీ చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. ఆయన మోపు విప్పుతూనే విన్నాడు.

"మీ తెలుగులో ఆ మాట ల్యాకపోతే మమ్మల్ని అడగాల్సింది," అన్నాడు.

పెద్దాయన అప్పటిదాకా తలెత్తలేదు. ఎద్దు ఒక్క పరక నోట్లోకి తీసుకున్నాక, దాని మెడ మీద చేయి అలాగే ఉంచి నన్ను చూశాడు.

"ఇప్పుడొచ్చినావా నాయనా," అన్నాడు.

తిట్టినా బాగుండేది. నీళ్లు తాగుతావా అని అయివారు అడిగితే వద్దన్నాను. కాసేపు నిలబడ్డాను. చేయడానికి నాకక్కడ ఏ పనీ లేదు, ఆ ఎద్దుకు వేయడానికి నా చేతిలో ఏమీ లేదు. బయల్దేరబోతూ ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. ఎంత ప్రయత్నించినా ఆ మాట నోటికి రాలేదు.

"పోతా," అన్నాను.

ఎవరూ దిద్దలేదు.